వేసవిలో పొయ్యి వెలిగించే ముందు

ఏప్రిల్, మే నెలల్లో పూరింటి కప్పు అప్పడంలా ఎండి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

• ముందు గాలి చూడండి. వడగాలి వీస్తుంటే ఆరుబయట కట్టెల పొయ్యి వద్దు. ఎండెక్కకముందే వంట ముగించుకోండి.

• పొయ్యి దగ్గర రెండు బిందెల నీళ్లు, ఒక బకెట్ ఇసుక. ఖాళీ బిందె లెక్కలోకి రాదు!

• గ్యాస్ వాసన వస్తే లైటు వేయకండి, వెలుగుతున్నది ఆర్పకండి. స్విచ్‌లో పుట్టే చిన్న మెరుపుకే గ్యాస్ అంటుకుంటుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు బార్లా తెరిచి బయటకు రండి. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారున పరుచుకుంటుంది. పైకి పోయిందిలే అనుకోవద్దు.

• మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు. మంట ఎగసి కప్పును అందుకుంటుంది. స్టవ్ ఆపి, మూత పెట్టండి.

• బూడిదను నమ్మకండి. పైన తెల్లగా చల్లారినట్టే ఉంటుంది, పుల్లతో కదిపితే లోపల ఎర్రటి కణికలు. నీళ్లు చల్లి, గడ్డివాముకు దూరంగా పోయండి.

• మంట లేస్తే ముందు మనుషులను బయటకు పంపండి, వీలైతే పశువుల పలుపులు విప్పండి. బీరువా జోలికి వెళ్లొద్దు. 101కు ఫోను చేసి ఊరి పేరుతో పాటు గుడి, చెరువు లాంటి గుర్తు, ఫైరింజన్ పట్టే దారి చెప్పండి.