పాతపేటకి వెళ్తే నలుగురే వెళ్ళండి

ఒకసారి పాతపేట చూద్దామని గ్రూపులో పెడితే పదకొండు మంది తయారయ్యారు. రెండు మీటర్ల సందులో పదకొండు మంది! ముందువాళ్ళు ఏం చూశారో వెనకవాళ్ళకి తెలీదు, వెనకవాళ్ళ కోసం ఆగి ఆగి ముందువాళ్ళకి విసుగు. అప్పట్నుంచీ నలుగురమే వెళ్తున్నాం.

చూడాల్సినవి పన్నెండు రాసుకుని బయల్దేరొద్దు. ఒకే వీధి పట్టుకోండి. పొద్దున నడిచిన వీధిలోనే సాయంత్రం వెనక్కి రండి. గోడ మీద ఎండ ఏటవాలుగా పడినప్పుడు పూడ్చేసిన కిటికీ అంచులు తేలి కనిపిస్తాయి.

కింది అంతస్తుల్లో షట్టర్లు, బోర్డులు మారిపోతూనే ఉంటాయి. పై అంతస్తు జోలికి పెద్దగా ఎవరూ పోరు. అందుకే తలెత్తి చూడాలి, అదీ ఆగి. మావాడొకడు పైకి చూస్తూ నడిచి కాలవలో కాలేశాడు. గోడకి ఎక్స్ ఆకారంలో ఇనుప బద్దలుంటే సోకు కోసమనుకోకండి. గోడ బయటికి ఉబ్బకుండా లోపలి కడ్డీ లాగి పట్టుకునేది వాటి ఆసరాతోనే. గడప వీధి కన్నా కిందుంటే ఇల్లు కుంగిందనీ అనుకోవద్దు. చాలాసార్లు పొరమీద పొర వేసి రోడ్డే పైకి లేచి ఉంటుంది.

పెచ్చులూడిన గోడ దగ్గర మాత్రం తీరిగ్గా నిలబడండి. ఇటుకల మధ్య తెల్లగా, మెత్తగా ఉంటే సున్నం. బూడిదరంగులో బండగా ఉంటే సిమెంటు. ఇప్పుడు మనం మామూలుగా వాడే ఈ పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటొచ్చిందే 1824లో. అంతకన్నా పాత గోడలో అది కనిపిస్తే తర్వాతి మరమ్మతన్నమాట. సున్నం గోడ తేమని పీల్చి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే చిక్కుకుని ఇటుకని పొడి చేస్తుంది. బాగుచేసిన చోటే ముందు పాడవడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మంచినీళ్ళు, పాత చెప్పులు సరే. మధ్యాహ్నం ఓ గంట ఎక్కడైనా నీడన కూలబడండి, వాదనలన్నీ అప్పుడే పుడతాయి.

ఇళ్ళ ఫొటో తీసేముందు అడగండి. కిందటిసారి ఇటుకలతో మూసేసిన కిటికీ ముందు మేం తగువు పడ్డాం. ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా కిటికీలకి పన్నుండేది, అది తప్పించుకోడానికి మూసేసేవాళ్ళు, ఇదీ అలాంటిదేనని ఒకడు. దొంగల భయమని ఇంకొకడు. ఆ ఇంటి పెద్దావిడ మెట్టు మీద కూర్చుని అంతా విన్నారు.

"ఎదురింటాయనతో మాటల్లేవు బాబూ, అందుకే మా మామగారు మూయించేశారు," అన్నారు.