కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు స్టెంట్‌కు వెళ్లే ముందు

ఆంజియోగ్రామ్‌కు రమ్మన్నారంటే ఇంటిల్లిపాదికీ గుండె గురించే టెన్షన్. కిడ్నీల ఊసు ఎవరూ ఎత్తరు. గుండె రక్తనాళాలు తెర మీద కనపడాలని అయోడిన్ ఉన్న డై ఎక్కిస్తారు. అది బయటికి పోవాల్సింది మూత్రంలోనే. అసలే నీరసించిన కిడ్నీలు దాంతో ఇంకా దెబ్బ తినొచ్చు. డై ఒక్కటే కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు రక్తనాళాల్లో సున్నం పేరుకుంటుంది, పూడిన నాళాన్ని తెరిచి ఉంచడానికి పెట్టే జాలీ గొట్టం, అదే స్టెంట్, సరిగ్గా విచ్చుకోదు, మళ్లీ పూడుకుపోయే అవకాశమూ రక్తస్రావం భయమూ ఎక్కువే.

క్రియాటినిన్ అంటే కిడ్నీలు వడపోయాల్సిన వ్యర్థం. రిపోర్టులో ఆ అంకె ఒక్కటి చూసి ఊరుకోకండి. మా మేనత్తకు 70 ఏళ్లు, క్రియాటినిన్ 1.4. ‘కొంచెమే ఎక్కువండీ’ అన్నాడు ల్యాబ్ కుర్రాడు. వయసు, ఆడా మగా అన్నది కూడా వేసి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంకె, లెక్క కడితే 40 దగ్గర తేలింది. అదే 1.4 ఉన్న 30 ఏళ్ల మగవాడికి 70కి దగ్గరగా వస్తుంది. 60 కంటే తక్కువ మూడు నెలలకు పైగా ఉంటే అది కిడ్నీ జబ్బే. 30 కంటే తక్కువైతే కిడ్నీ డాక్టరును కలవకుండా తేదీ ఖాయం చేసుకోవద్దు.

2020లో వెలువడిన ఇస్కీమియా-సీకేడీ అధ్యయనంలో గుండె జబ్బు నిలకడగా ఉండి, కిడ్నీలు బాగా దెబ్బతిన్న 777 మందిని చూశారు. ముందే ఆంజియోగ్రామ్, స్టెంట్ లేదా బైపాస్ దారి పట్టినవాళ్లకు, మందులతో మొదలుపెట్టిన వాళ్ల కంటే చావులు గానీ గుండెపోట్లు గానీ తగ్గలేదు. కాబట్టి ‘మందులతో చూడొచ్చా సార్?’ అని అడగండి, మొహమాటపడక్కర్లేదు. గుండెపోటే వస్తే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి, పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కైనా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు కిడ్నీ పేరు చెప్పి ఆగితే గుండె మిగలదు.

మన వైపు కిడ్నీలకు అసలు ముప్పు నొప్పి మందులు. దాళ్వా కోతల్లో నడుం పట్టేస్తే ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకోవడం మామూలే. ఆంజియోగ్రామ్ అనుకున్నాక అవి, పసరు మందులు పూర్తిగా మానేయండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పండి. కిడ్నీ బాగా తగ్గినవాళ్లకు ఆ రోజు ఆపి, 48 గంటల తర్వాత పరీక్ష చూసి మళ్లీ మొదలుపెడతారు. బీపీ, నీరు పోయే మాత్రల సంగతి డాక్టరే తేల్చాలి, సొంతంగా ఆపొద్దు.

ఒళ్లు ఎండిపోయి బల్ల ఎక్కకూడదు. అందుకే సెలైన్ పెడతారు, గుండె బలహీనంగా ఉంటే ఆచితూచి. నీళ్లు ఎన్ని తాగాలో అడిగి తెలుసుకోండి. కోనసీమ వాళ్లం కదా, ‘చలవ’ అని కొబ్బరి బొండాలు పట్టించేస్తాం. కిడ్నీ తగ్గినవాళ్లకు వాటిలోని పొటాషియం ప్రమాదం.

చేతి మాట కూడా చెప్పాలి. డయాలసిస్ చేయించుకుంటున్నా, ముందు ముందు అవసరం పడేలా ఉన్నా మణికట్టు నుంచి గొట్టం పంపే ముందే డాక్టరుకు గుర్తు చేయండి. ఆ నాళం దెబ్బతింటే రేపు ఫిస్ట్యులాకు, అంటే డయాలసిస్ కోసం చేతిలో రెండు రక్తనాళాలను కలిపి చేసే ఏర్పాటుకు, పనికిరాకపోవచ్చు. ఫిస్ట్యులా ఉన్న చేతికి సూది, బీపీ పట్టీ రెండూ వద్దు.

చాలామంది తప్పిపోయేది ఇంటికొచ్చాకే. డై దెబ్బ అప్పటికప్పుడు తెలియదు. క్రియాటినిన్ రెండు మూడు రోజుల్లో పెరుగుతుంది, ఈలోగా డిశ్చార్జి అయిపోతుంది. మూడో రోజు రక్త పరీక్ష ఎక్కడ చేయించాలో బయల్దేరే ముందే అనుకోండి. ఆగస్టులో గోదావరి పొంగితే లంకల్లో వాళ్లు పడవ కోసం ఎదురుచూడాల్సొస్తుంది. ఆ వారం అమలాపురంలోనో రాజమండ్రిలోనో చుట్టాలింట ఉండటం మేలు. మూత్రం తగ్గినా, కాళ్లు పొంగినా, ఆయాసం వచ్చినా మూడో రోజు దాకా ఆగక్కర్లేదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. క్రియాటినిన్ పెరిగిందని భయపడి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రం సొంతంగా మానొద్దు. మానితే స్టెంట్‌లో రక్తం గడ్డ కట్టొచ్చు.