లారీకి యాక్సిడెంట్ అయితే డేటా ఎలా చదవాలి

శ్రీకాకుళంలో ఒక ట్రాన్స్‌పోర్టులో లారీల వ్యవహారం చూస్తాను. యాక్సిడెంట్ కబురు రాగానే ముందు మనుషుల సంగతి. ఆ వెంటనే డాష్‌క్యామ్ మెమరీ కార్డు తీయించండి, పోలీసులు వచ్చేసి ఉంటే వాళ్లకు చెప్పి. బండి మళ్లీ నడిస్తే పాత వీడియో మీద కొత్తది పడిపోతుంది. ఆ రోజు రికార్డు చెరపొద్దని జీపీఎస్ వాళ్లకు మెయిల్ పెట్టండి.

తర్వాత టైం. గొడవలన్నీ ఇక్కడే. జీపీఎస్ ముడి డేటా చాలాసార్లు యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే లెక్కగా పెట్టుకున్న టైంలో ఉంటుంది, మన టైం రావాలంటే దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. డాష్‌క్యామ్ గడియారం దారి దానిది. మడపాం టోల్ గేటు దాటిన ఫాస్టాగ్ టైంతో రెండూ పోల్చండి. ఫోన్‌కి మెసేజ్ వచ్చిన టైం మాత్రం పట్టుకోకండి, అది ఆలస్యంగా కూడా వస్తుంది.

ఇక స్పీడు. మా జీపీఎస్ బండి ఉన్న చోటు, స్పీడు 10 సెకన్లకోసారి పంపుతుంది, మ్యాప్ మీద ఒక్కోటి ఒక్కో చుక్క. గంటకు 54 కిలోమీటర్లంటే సెకనుకు 15 మీటర్లు, అంటే రెండు చుక్కల మధ్య 150 మీటర్లు. రణస్థలం దగ్గర ఆటో అడ్డొచ్చినా, ఆవు అడ్డొచ్చినా ఆ సందులోనే అంతా అయిపోతుంది. కాబట్టి "54లో గుద్దాడు" అని డ్రైవర్ మీద ఎగరొద్దు, అది బ్రేకు వేయకముందు స్పీడు కావచ్చు. ఇంజిన్ కంప్యూటర్‌లో బ్రేకు రికార్డు ఉంటే కంపెనీ సర్వీస్ వాళ్ల చేతే తీయించండి. చక్రాలు లాక్ అయి జారితే వీల్ సెన్సర్ సున్నా చూపిస్తుంది, బండి మాత్రం పోతూనే ఉంటుంది! అందుకే వాన పడకముందే టైరు గీతలు టేపుతో కొలిచి ఫొటోలు తీయాలి.

కేసు కోర్టుకు వెళ్లేలా ఉంటే అసలు ఫైలు ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో ఆ ఫైలు హ్యాష్ విలువ రాయాల్సి ఉంటుంది. అది ఫైలుకి వేలిముద్ర లాంటిది, ఫైలు కాస్త మారినా అదీ మారిపోతుంది.