యాభై ఎక్కి ముప్పైమూడు దిగితే

అనంతపురం పక్కన కక్కలపల్లిలో టమోటా మండీ గుమాస్తాను నేను. బాక్సంటే 15 కేజీలు. మొన్న సోమవారం బాక్సు 200 పలికింది, మంగళవారం 300. "యాభై శాతం పెరిగింది" అన్నా. బుధవారం మళ్లీ 200కే దిగింది. "ముప్పైమూడు శాతం తగ్గింది" అనేసరికి ఒక పెద్దాయన చీటీ పట్టుకుని నిలదీసినాడు.

"ఏమప్పా, యాభై ఎక్కి ముప్పైమూడే దిగితే ఇంకా పదిహేడు నాకు మిగలాల కదా?"

లెక్క ఇదీ. కొత్త ధరలోంచి పాత ధర తీసేయండి. వచ్చిందాన్ని పాత ధరతో భాగించి, వందతో గుణించండి. ఎక్కేటప్పుడు పాతది 200. నూటిని 200తో భాగిస్తే సగం, అంటే 50 శాతం. దిగేటప్పుడు పాతది 300 అయిపోయింది. అదే నూటిని 300తో భాగిస్తే 33.3. చీటీ వెనక రాసి చూపిస్తే, "మున్నూట్లో మూడో పాలు పోయిందన్నమాట" అన్నాడు. నాకంటే ఆయనే బాగా చెప్పినాడు.

క్యాలిక్యులేటర్‌లో ఇంకా సులువు. కొత్తదాన్ని పాతదాంతో భాగించి ఒకటి తీసేయండి. 300 ÷ 200 = 1.5, ఒకటి పోతే 0.5. అదే 50 శాతం. మైనస్ వస్తే తగ్గినట్టు. వరసగా రెండు మార్పులొస్తే మాత్రం శాతాలు కూడొద్దు, గుణించండి. పది శాతం తగ్గి పది పెరిగితే 0.9 × 1.1 = 0.99. నూరు కాస్తా 99 అవుతుంది.

పాతదేదో మరిచి నేనూ నవ్వులపాలయినా. మా హెచ్చెల్సీకి, అంటే ఎగువ కాలువకు, నీళ్లిచ్చే తుంగభద్ర డ్యాము మొదట్లో 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి 105.78కి పడిపోయింది. తేడా 27.22. దాన్ని 105.78తో భాగించి పావు వంతు పైనే పోయిందన్నా. 133తో భాగించాల్సింది, 20.5 శాతమే.

వడ్డీ దగ్గర ఇంకో తిరకాసు. రెండు రూపాయల వడ్డీ మూడు రూపాయలైతే "ఒక్క శాతమే కదా" అంటారు. నూటికి నెలకు పెరిగింది రూపాయే, కానీ మీరు కట్టే వడ్డీ యాభై శాతం పెరిగింది. అప్పిచ్చేవాడు ఎప్పుడూ మొదటి మాటే చెప్తాడు.

నిన్న ఒక్క బాక్సూ రాక ఈరోజు నలభై వస్తే ఎంత శాతం? సున్నాతో భాగించేదానికి లేదు. పుస్తకంలో "40 బాక్సులు" అని రాసి ఊరుకుంటా.