పందొమ్మిదవ శతాబ్దపు డ్రైపాయింట్ ముద్రను పరిశీలించే విధానం

ఏటి ఒడ్డు, చెట్ల గుంపు, వాలుతున్న పొద్దు తప్ప మరేమీ లేని పల్లె దృశ్యం డ్రైపాయింట్ ముద్రగా, అంటే గీసిన లోహపు రేకుకు సిరా పూసి కాగితం మీద తీసిన అచ్చుగా, మీ ముందుకు వచ్చినప్పుడు, దృశ్యం కంటే ముందు గీతను పరిశీలించండి. ఎచ్చింగ్ అనే మరో ముద్రణ పద్ధతిలో రేకు మీది గీతను ఆమ్లం తొలుస్తుంది. డ్రైపాయింట్‌లో చిత్రకారుడే గట్టి సూదితో రాగి రేకును నేరుగా గీరుతాడు. అప్పుడు పైకి లేచిన లోహం గీత పక్కన గరుకు అంచుగా నిలుస్తుంది. బర్ అని పిలిచే ఆ అంచు సిరాను పట్టి ఉంచుతుంది కాబట్టి, కాగితం మీద గీత మఖమల్ లాంటి మెత్తని నలుపుతో పరుచుకుంటుంది.

ముద్రను అంచులతో పట్టుకుని, వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడేలా ఉంచి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో అన్నిటికన్నా నల్లని చోటు నుంచి మొదలుపెట్టండి. పల్లె దృశ్యాల్లో అది సాధారణంగా చెట్ల నీడో, నీటి అంచో అవుతుంది. నలుపు గీతను అంటిపెట్టుకుని, తరచు ఒక పక్కకే ఎక్కువగా మసకబారితే అది బర్. గీతలతో నిమిత్తం లేకుండా పలుచని పొరలా పరుచుకుంటే అది ముద్రించినవారు రేకు మీద తుడవకుండా వదిలిన సిరా. ఈ రెంటినీ వేరుచేయగలగడమే పరిశీలనలో అసలైన నేర్పు. గీతలకు బదులు క్రమబద్ధమైన చుక్కలు కనిపిస్తే మాత్రం అది ఫొటో ఆధారంగా అచ్చువేసిన నకలు.

ముద్రణ యంత్రపు ఒత్తిడికి బర్ త్వరగా అణిగిపోతుంది. రేకుకు ఉక్కు పూత వేయకపోతే మంచి ముద్రలు కొన్ని పదులకు మించి రావడం కష్టం. అందువల్ల వీలైతే ఒకే రేకు నుంచి వచ్చిన రెండు ముద్రలను పక్కపక్కన చూడండి. లండన్ శస్త్రవైద్యుడు ఫ్రాన్సిస్ సీమోర్ హేడెన్ ఎచ్చింగ్, డ్రైపాయింట్ కలిపి 1863లో చేసిన 'సన్‌సెట్ ఇన్ ఐర్లండ్' దీనికి చక్కని పాఠం: బర్ నిండుగా ఉన్న ముద్రలో చెట్ల కింద సంధ్యాచీకటి చిక్కగా ఉంటుంది, బర్ అరిగినప్పుడు అక్కడ ఉత్త గీతలే మిగులుతాయి. అయితే చిత్రకారుడు రేకును మధ్యలో మళ్లీ గీరి ఉండవచ్చు కనుక, తర్వాతి దశ ముద్ర ప్రతిసారీ పేలవమైనదని తీర్మానించకండి.

పరిశీలన ముగిశాక ఆమ్లరహిత అట్టలో ఉంచండి; చట్రం కట్టిస్తే అద్దం ముద్రను తాకకూడదు, ఎండ నేరుగా పడకూడదు.