ప్రీ-సీజన్‌లో జబ్బుపడ్డ ఫుట్టీ కుర్రాడు మళ్ళీ గ్రౌండ్‌లోకి ఎలా రావాలి

ఫుట్టీ అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, అందులో క్లబ్బులు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే నవంబర్ డ్రాఫ్ట్‌లో నీ పేరు పిలిచారు, ఇల్లంతా పండగ చేసుకుంది, వారం తిరక్కుండానే బ్యాగు సర్దుకుని వేరే రాష్ట్రంలో హోస్ట్ ఫ్యామిలీ ఇంట్లో దిగావు, క్లబ్బు వాళ్ళు జెర్సీలు, పరుగు వేగం, దూరం కొలిచే జీపీఎస్ వెస్ట్, లాకర్ అన్నీ ఇచ్చారు, ఇక దున్నేద్దాం అనుకుంటుండగా డిసెంబర్‌లో గొంతు నొప్పి, జ్వరం, మెడ దగ్గర బిళ్ళలు కట్టడం. బ్లడ్ టెస్ట్ చేస్తే గ్లాండ్యులర్ ఫీవర్, వైరస్‌తో వచ్చే జ్వరం. తమ్ముడూ, నీ ఒక్కడికే ఇలా అయిందని అనుకోకు. ఈ వైరస్ ఎక్కువగా పడేసేది 15 నుంచి 24 ఏళ్ళ వాళ్ళనే, ఉమ్మితో అంటుకుంటుంది, ఒకే వాటర్ బాటిల్ పదిమంది నోట్లో పెట్టుకుంటే ఇంక చెప్పేదేముంది.

నేను మెల్‌బోర్న్ వెస్ట్‌లో ఒక లోకల్ క్లబ్బుకి చాలా ఏళ్ళుగా ట్రైనర్‌గా చేస్తున్నా, అంటే చీలమండలకి టేపులు చుట్టడం, మ్యాచ్ మధ్యలో నీళ్ళు పట్టుకుని పరిగెత్తడం, ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు వెళ్ళి చూడడం. డాక్టర్ని కాదు, అది ముందే చెప్పేస్తున్నా. కానీ మా దగ్గర ఆడి పెద్ద క్లబ్బు లిస్టులోకి వెళ్ళిన ఒక కుర్రాడు ఇదే జబ్బు తర్వాత ఎలా ఇబ్బంది పడ్డాడో దగ్గర్నుంచి చూశా. ఐదో వారంలో ఒకరోజు పొద్దున లేచేసరికి వాడికి ఒళ్ళు దూదిపింజలా తేలిగ్గా ఉందట, ట్రైనింగ్‌లో సగమే చెయ్యమన్నారు, వాడు మొత్తం చేసేశాడు, పైగా చివర్లో ఇంకో నాలుగు పరుగు రిపీట్లు కూడా కొట్టాడు. ఆ రాత్రి బానే ఉన్నాడు. మర్నాడు కూడా పర్లేదు. మూడో రోజు పొద్దున మంచం మీంచి లేవలేకపోయాడు, మళ్ళీ పరిగెత్తడానికి మూడు వారాలు పట్టింది. అందుకే నేను చెప్పేదంతా ఆ బాగున్న రోజు గురించే, బాగోని రోజుని ఎవడైనా జాగ్రత్తగానే దాటిస్తాడు.

ముందు డాక్టర్ దగ్గర ఏం తేల్చుకోవాలో చూద్దాం. గ్లాండ్యులర్ ఫీవర్‌లో ప్లీహం వాస్తుంది, ఎడమ వైపు పక్కటెముకల కింద ఉంటుందది, వాచి ఉన్నప్పుడు ఒక మోచెయ్యో మోకాలో గట్టిగా తగిలితే చిట్లిపోయే ప్రమాదం ఉంది. అరుదే, కానీ అయితే ప్రాణం మీదకి వస్తుంది. ఆ ప్రమాదం ఎక్కువగా లక్షణాలు మొదలైన మొదటి 3, 4 వారాల్లోనే, అందుకే స్పోర్ట్స్ డాక్టర్లు ఆ టైమ్‌లో కాంటాక్ట్, అంటే ఒకరినొకరు గుద్దుకునే ఆట, అసలు ఒప్పుకోరు, చాలామందికి ఇంకా ఆలస్యం చేస్తారు. జిమ్‌లో ఊపిరి బిగబట్టి బరువులెత్తడం కూడా అప్పుడు వద్దు, పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది. రోజుల లెక్క జ్వరం తగ్గిన రోజు నుంచి కాదు, మొదట ఒంట్లో బాలేదు అనిపించిన రోజు నుంచి, కాబట్టి ఆ తేదీ గుర్తుచేసుకుని డాక్టర్‌కి సరిగ్గా చెప్పు. ఎడమ పక్క పైపొట్టలో ఉన్నట్టుండి పొడిచినట్టు నొప్పి, దెబ్బేం తగలకుండానే ఎడమ భుజం పైన నొప్పి, కళ్ళు తిరగడం, ఇవి వస్తే ఎవర్నీ అడక్కుండా ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్ 000 కి ఫోన్ చెయ్యి.

జబ్బు ఏదైనా సరే, ఫ్లూ అయినా కోవిడ్ అయినా, గుండె సంగతి మాత్రం మర్చిపోవద్దు. వైరస్ కొన్నిసార్లు గుండె కండరాన్ని కూడా వాపెక్కిస్తుంది. పరిగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి, గుండె దడదడలాడడం, మామూలుగా రాని ఆయాసం, స్పృహ తప్పడం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా అక్కడే ఆగిపోయి క్లబ్ డాక్టర్‌కి చెప్పు, ఈసీజీ, రక్త పరీక్షలు వాళ్ళు చూసుకుంటారు. నిజంగా అదే అయితే నెలల తరబడి ఆట ఆపాల్సి రావచ్చు. ఆపనివాళ్ళకే ఎక్కువ ప్రమాదం.

ఇప్పుడు ఇంట్లో చెయ్యాల్సిన పని. రోజూ పొద్దున మంచం దిగకముందే, ఫోన్ ముట్టుకోకముందే, మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి ఒక నిమిషం నాడి లెక్కపెట్టు. వాచ్ ఉంటే వాచ్ చెప్తుంది, కానీ వేళ్ళతో లెక్కపెట్టడంలో ఒక లాభం ఉంది, ఆ నిమిషం సేపు నీ ఒళ్ళు ఎలా ఉందో నువ్వే గమనిస్తావు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు నీది 52 అనుకుందాం, ఇవాళ 61 ఉందంటే లోపల ఇంకా ఏదో నడుస్తోందన్నమాట, ఆరోజు బండి స్లోగా పోనివ్వాలి. పక్కన ఎన్ని గంటలు నిద్రపోయావో, ఒళ్ళు నొప్పులు పదిలో ఎంతో, ఆకలి ఎలా ఉందో రాసుకో. చాలా క్లబ్బుల్లో ఇవే ప్రశ్నలు పొద్దున్నే యాప్‌లో అడుగుతారు. అందులో అబద్ధం రాయొద్దు తమ్ముడూ. కొత్త కుర్రాళ్ళు చేసే తప్పు అదే, తక్కువ మార్కులేస్తే పక్కన కూర్చోబెడతారని అన్నిటికీ తొమ్మిది తొమ్మిది అని కొట్టేస్తారు, క్లబ్బు వాళ్ళేమో అది నమ్మి నీకు లోడ్ పెంచుతారు.

ఇక మెట్లు. మొదటి మెట్టు నడక. 20, 30 నిమిషాలు మామూలు నడక, మెట్లెక్కడం, నీ బట్టలు నువ్వు ఉతుక్కోవడం, ఇవన్నీ చేసి రెండు రోజులు గడిచినా నీరసం రాకపోతే అప్పుడు సైకిల్. జిమ్‌లో బైక్ మీద 15 నిమిషాలు, గుండె వేగం 140 దాటకుండా, పక్కనోడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేలా. సైకిల్ ఎందుకంటే కాళ్ళకి దెబ్బ ఉండదు, ఎప్పుడంటే అప్పుడు ఆపెయ్యొచ్చు. అది 30 నిమిషాల దాకా పెరిగాక పరుగు.

మొదటి పరుగు రోజు బోరుగా ఉండాలి. బౌండరీ పక్కన గడ్డి మీద 100 మీటర్లు నెమ్మదిగా పరుగు, ఒక నిమిషం నడక, మళ్ళీ 100, అలా ఎనిమిది, అయిపోయింది, షూస్ విప్పెయ్. మధ్యలో మిగతా గ్రూప్ అంతా 2 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ కొడుతుంటారు, మంచి రన్నర్లు 6 నిమిషాల చుట్టుపక్కల ముగించి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతుంటారు, నీకేమో చెమట కూడా సరిగ్గా పట్టి ఉండదు, లోపల ఒకటే కుతకుత. వాళ్ళని చూసి నువ్వూ వేగం పెంచితే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే. ఎనిమిదితో ఆగు, రెండు రోజులు చూడు, నాడి పెరగలేదు, నిద్ర బావుంది అంటే తర్వాతిసారి పది.

ఈ రెండు రోజుల ఆగడం ఉందే, మొత్తం పద్ధతిలో దీన్ని మాత్రం వదలొద్దు. మామూలు జలుబుకైతే ఒక్కరోజు చూస్తే చాలు, గ్లాండ్యులర్ ఫీవర్ తర్వాత వచ్చే నీరసం ఆలస్యంగా వస్తుంది, మా కుర్రాడికి మూడో రోజు వచ్చినట్టు. కాబట్టి ఒకేసారి ఒక్కటే పెంచు, దూరం పెంచిన వారం వేగం ముట్టుకోవద్దు. ఒళ్ళు తిరగబడితే మొదటికి పోనక్కర్లేదు, ఒక్క మెట్టు దిగి అక్కడ మూడు నాలుగు రోజులు ఉండు. ఎంత చేశావో తెలియడానికి సులువైన లెక్కొకటి ఉంది, సెషన్ ఎంత కష్టంగా అనిపించిందో పదికి ఒక అంకె వెయ్యి, దాన్ని నిమిషాలతో గుణించు. 40 నిమిషాలు, కష్టం 4 అంటే 160. వారం మొత్తం కూడితే, పోయిన వారం కంటే ఈ వారం కొంచెం పైన ఉండాలి, రెట్టింపు మాత్రం కాకూడదు.

బంతి పట్టుకోవడం మాత్రం తొందరగానే మొదలెట్టొచ్చు, మనసుకి కూడా కావాలి అది. గోడకేసి హ్యాండ్‌బాల్, అంటే బంతిని పిడికిలితో గుద్ది పంపడం, రెండు చేతులతోనూ. తర్వాత 15, 20 మీటర్ల చిన్న కిక్‌లు. కిక్‌లు లెక్కపెట్టుకో, నెల రోజులు కాలు ఊపని వాడు ఒకేరోజు వంద డ్రాప్ పంట్లు (చేతిలోంచి వదిలి నేల తాకకముందే తన్నే కిక్‌లు) కొడితే తొడ ముందు కండరమో గజ్జో పట్టేస్తుంది, ముప్పైతో మొదలెట్టు. 50 మీటర్ల కిక్‌లకి ఇంకా టైముంది.

వేగం దగ్గర ఇంకా జాగ్రత్త. ఈ ఆటలో అన్నిటికంటే ఎక్కువగా తగిలే గాయం హామ్‌స్ట్రింగ్ స్ట్రెయిన్, అంటే తొడ వెనక కండరం పట్టెయ్యడం, జబ్బు నుంచి లేచి ఊపిరి బావుంది కదా అని నేరుగా స్ప్రింట్ కొట్టినవాడికి అది రాసిపెట్టి ఉన్నట్టే. ఊపిరి, గుండె తొందరగానే దారికొస్తాయి, కండరాలు, నరాలు వెనకబడతాయి. నీ టాప్ స్పీడ్ గంటకి 32 కిలోమీటర్లు అనుకో, 60 శాతం దగ్గర మొదలుపెట్టి రెండు మూడు వారాల మీద 70, 80 ఎక్కి, చివరికి 90 శాతం అంటే 29 దాకా రావాలి. జీపీఎస్ వెస్ట్ ఎందుకిచ్చారో ఇప్పుడు తెలుస్తుంది, ఆ అంకెలు అడుగు, స్టాఫ్ విసుక్కోరు. డాక్టర్ బరువులకి ఓకే అన్నాక నార్డిక్‌లు, అంటే మోకాళ్ళ మీద నిలబడి ఒంటిని నెమ్మదిగా ముందుకి వాల్చే హామ్‌స్ట్రింగ్ వ్యాయామం, వారానికి రెండుసార్లు పెట్టుకో.

కాంటాక్ట్ చివరి మెట్టు. డాక్టర్ ఓకే అన్న తర్వాతే. ముందు ట్యాకిల్ బ్యాగ్, తర్వాత తెలిసినవాడితో ముందే చెప్పుకుని ఒకరికొకరు, ఆ తర్వాత మ్యాచ్ సిమ్యులేషన్‌లో ఒక పది నిమిషాలు.

జనవరి ఎండ గురించి వేరేగా చెప్పాలి. అడిలైడ్, పెర్త్‌లలో ఆ నెలలో 38, 40 డిగ్రీల రోజులు కూడా వస్తాయి, ఒంటికి ఆ వేడి అలవాటు కావడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, నువ్వేమో ఇంట్లో పడుకుని ఉన్న అలవాటు కూడా పోగొట్టుకున్నావు. మొదటి రెండు వారాలు పొద్దున్న సెషన్లే అడుగు. నీ బాటిల్ మీద నీ పేరు రాసుకో, ఎవరికీ ఇవ్వకు, తగ్గిన తర్వాత కూడా ఉమ్మిలో వైరస్ చాలా కాలం ఉంటుంది.

తిండి. లంఖణం పరమౌషధం అని మన పెద్దవాళ్ళు అంటారు, ఇక్కడ అది పనికిరాదు. గొంతు నొప్పితో రెండు వారాలు సరిగ్గా మింగలేకపోతే నాలుగైదు కిలోలు పోతాయి, అందులో కండ కూడా ఉంటుంది. కిలో బరువుకి 1.6 గ్రాముల ప్రోటీన్ లెక్క వేసుకో, 80 కిలోల వాడికి దాదాపు 130 గ్రాములు, నాలుగైదు సార్లుగా. గుడ్లు, పాలు, పెరుగు, చికెన్, చేపలు, పప్పులు ఏవైనా సరే. హోస్ట్ ఫ్యామిలీ ఆంటీని మొహమాటపడకుండా అడుగు, ఆవిడకి ముందే చెప్తే నీకు తగ్గట్టు వండుతుంది. మందు మాత్రం పూర్తిగా బంద్, ఈ జబ్బులో లివర్ కూడా దెబ్బతిని ఉంటుంది, టెస్టులు నార్మల్ అయ్యేదాకా ఒక్క బీర్ కూడా వద్దు.

మందులంటే గుర్తొచ్చింది, ఇప్పుడు నువ్వు డోపింగ్ రూల్స్ కింద ఉన్న ఆటగాడివి. ఫార్మసీలో అడిగి తెచ్చుకునే కొన్ని కోల్డ్ అండ్ ఫ్లూ మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది, మ్యాచ్ రోజు అది మోతాదు దాటితే పాజిటివ్ వస్తుంది, తెలీక మింగా అంటే కుదరదు, ఒంట్లో ఏముందో దానికి బాధ్యత నీదే. ఏ మాత్రైనా వేసుకునేముందు గ్లోబల్ డీఆర్ఓ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడు, క్లబ్ డాక్టర్‌కి మెసేజ్ పెట్టు. సత్తువ కోసమని ఫ్రెండ్ ఇచ్చిన పౌడర్లు అసలొద్దు, వాటిని ఆ వెబ్‌సైట్ కూడా చెక్ చెయ్యదు. ఇంకోటి, గొంతు నొప్పికి అమాక్సిసిలిన్ వేస్తే ఈ జబ్బున్న చాలామందికి ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి, కాబట్టి వేరే జీపీ (మామూలు డాక్టర్) దగ్గరికి వెళ్తే నీకేం జబ్బో ముందే చెప్పు.

పక్కన కూర్చున్న వారాల్ని వృథా చెయ్యకు. నీ పొజిషన్ వాళ్ళని చూసుకునే లైన్ కోచ్ దగ్గర కూర్చుని వీడియోలు చూడు, స్టాపేజ్‌లో, అంటే ఆట ఆగి మళ్ళీ మొదలయ్యేటప్పుడు, నీ చోట ఆడేవాడు ఎక్కడ నిలబడుతున్నాడో, బంతి పోయాక ఎటు పరిగెడుతున్నాడో నోట్‌బుక్‌లో గీసుకో. కొత్త కుర్రాళ్ళలో ఫిట్‌గా ఉండి కూడా జోన్‌లో ఎక్కడ నిలబడాలో తెలీనివాళ్ళు చాలామంది. దిగులుగా ఉంటే దాచుకోవద్దు, ఇంటికి ఫోన్ చెయ్యి, వెల్‌బీయింగ్ స్టాఫ్‌తో మాట్లాడు. నేషనల్ డ్రాఫ్ట్‌లో తీసుకున్న వాడికి కనీసం 2 ఏళ్ళ కాంట్రాక్టు ఉంటుంది, సీజన్‌లో ఒక్కో టీమ్ 23 మ్యాచులు ఆడుతుంది, రౌండ్ వన్‌కి నువ్వు లేకపోతే కొంప మునిగిపోదు.

మొదటి మ్యాచ్ బహుశా కింది స్థాయి రాష్ట్ర లీగుల్లో, అంటే వీఎఫ్ఎల్‌లోనో సాన్ఫిల్‌లోనో వాఫిల్‌లోనో ఉంటుంది, సంతోషంగా వెళ్ళు. మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో 12 నుంచి 14 కిలోమీటర్లు పరిగెడతాడు, ఒక్కో క్వార్టర్ 20 నిమిషాలంటారు గానీ టైమ్ ఆన్, అంటే ఆట ఆగిన సేపు, కలిపితే అరగంట అవుతుంది, నువ్వు రెండు క్వార్టర్లే ఆడతానని ముందే మాట్లాడుకో, బావుంది కదా అని మూడోదానికి చెయ్యెత్తకు. మర్నాడు పొద్దున్న మంచం దిగకముందు మణికట్టు మీద వేళ్ళు పెట్టి ఆ అంకె రాసుకో, దాని తర్వాతి రోజు కూడా, ఆ రెండూ చూశాకే వచ్చే వారం మూడు క్వార్టర్లు అడుగు.