చెన్నై కాలేజీలో ఎన్ఎస్ఎస్‌లో చేరుతున్నారా? మొదటి ఏడాది గురించి కొన్ని మాటలు

నాయుడుపేట నుంచి బీకామ్ చదవడానికి చెన్నై వచ్చిన మొదటి నెలలోనే ఎన్ఎస్ఎస్‌లో, అంటే విద్యార్థులు సేవ చేసే జాతీయ సేవా పథకంలో, పేరిచ్చాను. తమిళం అంతంతమాత్రం. హాస్టల్లో ఇంకా ఎవరూ దగ్గర కాలేదు. ఆదివారాలు గడవడమే కష్టంగా ఉండేది. చేరడానికి నిజమైన కారణం అదే. చదువు పూర్తయి ఇప్పుడు గిండీలో ఉద్యోగం చేస్తున్నాను. అయినా కాలేజీలు తెరిచే వేళకి జూనియర్లు ఫోన్ చేసి "అక్కా, చేరమంటావా? చేరితే ఏం చెయ్యాలి?" అని అడుగుతూనే ఉంటారు. వాళ్లకి విడివిడిగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు లెక్క తెలుసుకోండి. ఎన్ఎస్ఎస్ 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి ఏడాదిలో, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచెయ్యాలి. మధ్యలో ఒక ఏడు రోజుల క్యాంపు. ఇవి పూర్తయితేనే సర్టిఫికెట్. బ్యాడ్జి మీద ఉండేది కోణార్క్ గుడి రథచక్రం. దాని ఎనిమిది ఆకులు రోజులోని 24 గంటలకీ గుర్తు. నినాదం "నేను కాదు, మీరు". మొదటి మీటింగులోనే ఇవన్నీ చెప్తారు, రాసుకుంటాం. ఆ నినాదాన్ని నేను కూడా ఆరు నెలలు అందరితో పాటు గట్టిగా పలికాను. అది నాకు అర్థమైంది మాత్రం ఒక పరీక్ష హాల్లో.

చూపులేని విద్యార్థులు చెప్తుంటే వాళ్ల పరీక్ష రాసిపెట్టేవాళ్లని స్క్రైబ్ అంటారు. సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడగానే వాట్సాప్ గ్రూపుల్లో "రేపు పొద్దున పదింటికి స్క్రైబ్ కావాలి" అని మెసేజ్‌లు మొదలవుతాయి. మొదటి ఏడాదిలో మీరు చెయ్యగలిగిన పనుల్లో ఇంతకంటే విలువైనది నాకు కనపడలేదు. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

ఒప్పుకునే ముందు మూడు విషయాలు అడగండి: ఏ సబ్జెక్టు, ఏ భాషలో, ఎన్ని గంటలు. నాకు తమిళం మాట్లాడటం వచ్చింది గానీ రాయడం రాలేదు. కాబట్టి ఇంగ్లీషులో రాసే పరీక్షలే ఒప్పుకునేదాన్ని, ఆ మాట ముందే చెప్పేదాన్ని. మొహమాటపడి సరే అంటే నష్టపోయేది ఎదుటి మనిషి ఏడాది చదువు. మూడు గంటల పరీక్షకి గంటకి 20 నిమిషాల చొప్పున ఇంకో గంట అదనంగా ఇస్తారు. అంటే నాలుగు గంటలు కూర్చోవాలి. కడుపు నిండా తిని వెళ్లండి. కాలేజీ ఐడీ, ఆధార్ జిరాక్స్, రెండు ఫొటోలు బ్యాగులో పెట్టుకోండి. ఒప్పుకున్నాక జ్వరం వచ్చినా సరే, మీ బదులు ఇంకొకరిని కుదిర్చాకే పడుకోండి. స్క్రైబ్ రాకపోతే ఆ రోజు ఆ అభ్యర్థి పరీక్ష రాయలేరు.

నా మొదటి పరీక్ష ఒక బీఏ హిస్టరీ అమ్మాయిది. నాకంటే రెండేళ్లు పెద్ద. గేటు దగ్గర నా మోచెయ్యి పట్టుకుని, "ప్రశ్నలన్నీ ముందు ఒకసారి చదువు. నేను ఆగు అన్నప్పుడు ఆగు. స్పెల్లింగ్ అనుమానమొస్తే నన్ను అడుగు" అంది. అంతే ట్రైనింగ్. మూడో జవాబులో రౌలట్ చట్టం 1917 అని చెప్పింది. నా పెన్ను ఆగిపోయింది. మా అన్నయ్య గ్రూప్-2కి చదివేటప్పుడు పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడిగిందాన్ని నేనే. అది 1919 అని నాకు బాగా తెలుసు. ఒక్క అంకె మారిస్తే ఆమెకి మార్కు వస్తుంది, ఎవరికీ తెలియదు. నేను ఆగానని ఆమెకి శబ్దాన్ని బట్టే తెలిసిపోయింది. "ఏమైంది? నేను చెప్పింది రాయి" అంది మెల్లగా. 1917 అనే రాశాను.

చివరి అరగంటలో మొత్తం చదివి వినిపించమంది. ఆ వాక్యం దగ్గరికి రాగానే చెయ్యెత్తి, "కాదు, 1919. కొట్టేసి రాయి" అంది. ఇంకో జవాబులో వెర్నాక్యులర్ ప్రెస్ చట్టాన్ని రిప్పన్ తెచ్చాడని చెప్పింది. తెచ్చింది లిట్టన్, తీసేసింది రిప్పన్. అది మాత్రం అలాగే వెళ్లిపోయింది. బయటికొచ్చాక చెప్తే "అయ్యో!" అని తల కొట్టుకుంది గానీ, మరుసటి పరీక్షకి కూడా నన్నే పిలిచింది. నా చేతిరాత బాగుందని కాదు, చెప్పింది చెప్పినట్టు రాశానని.

స్క్రైబ్‌గా వెళ్లినప్పుడు మీరు చెయ్యాల్సినవి ఇవే. ప్రశ్నని ఎన్నిసార్లు అడిగినా అదే గొంతుతో చదవండి. సరైన ఆప్షన్ దగ్గర గొంతు పెంచడం కూడా సాయం కిందికే వస్తుంది, అది తప్పు. వాళ్లు ఆలోచిస్తుంటే మాట్లాడకండి. టైమ్ మాత్రం గంటకోసారి చెప్పండి. నడిపించేటప్పుడు వాళ్లని మీరు పట్టుకోవద్దు, మీ మోచెయ్యి వాళ్లకి ఇవ్వండి. మెట్లొస్తే "పైకి" "కిందికి" అని చెప్పండి.

ఇక శుభ్రం చేసే కార్యక్రమాలు. మా యూనిట్ మొదటి ఏడాది బీసెంట్ నగర్ బీచ్‌కి వెళ్లేది. పొద్దున ఆరింటికి నలభై మందిమి చేతులకి గ్లౌజులు, తలకి టోపీలతో దిగేవాళ్లం. రెండు గంటల్లో చెత్తంతా సంచుల్లో కుక్కి, రోడ్డు పక్కన పేర్చి, గ్రూప్ ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లం. రెండో వారం అక్కడ ఊడుస్తున్న ఒక పెద్దావిడ మా సంచి ఒకటి విప్పి, ఇసకలో కుమ్మరించి, మళ్లీ ఏరుతూ కనిపించింది. నేను నా ఫ్రెండ్‌తో తెలుగులో ఏదో అనడం విని తలెత్తింది. "తెలుగోళ్లా పాపా? ఏ ఊరు?" చెన్నైలో పారిశుద్ధ్య పని చేసేవాళ్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎన్నో తరాలుగా ఇక్కడే ఉంటున్నారు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

"ఏమ్మా, మేము కట్టింది విప్పుతున్నావెందుకు?" అని అడిగాను. "కొబ్బరిబొండాలు, సీసాలు, అన్నం పొట్లాలు అన్నీ ఒకే సంచీలో కట్టి పోతే బండివాడు ఎక్కించుకోడమ్మా. పోయిన వారం మీరు పోయినాక పదకొండు దాకా నేనూ మా చెల్లెలూ ఇదే పని. వదిలేస్తే కుక్కలు చింపేస్తాయి" అంది. మా మీద కోపం లేదు ఆమెకి. ఉన్న సంగతి చెప్పింది. నాకే మొహం చెల్లలేదు. తర్వాతి వారం నుంచి ముందు ఆమె దగ్గరికే వెళ్లేవాళ్లం. తడి ఒక సంచి, సీసాలు ఒక సంచి, గాజుపెంకులు గోనెసంచిలో. బండి వచ్చే టైమూ ఆమెనే అడిగి, అది వచ్చి ఎత్తుకెళ్లేదాకా అక్కడే ఉండేవాళ్లం. మీరు ఎక్కడికి వెళ్లినా, రోజూ అక్కడ ఆ పని చేసే మనిషిని ముందు వెతకండి. గేటు దగ్గర వాచ్‌మన్ కావచ్చు, బడిలో ఆయా కావచ్చు. "మేమొస్తే మీకు పని తగ్గాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగాకే చీపురు పట్టుకోండి.

రక్తదాన శిబిరంలో కొత్తవాళ్లకి సాధారణంగా రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర డ్యూటీ వేస్తారు. 18 ఏళ్లు నిండాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఇంతకుముందు ఇచ్చి ఉంటే మగవాళ్లకి 90 రోజులు, ఆడవాళ్లకి 120 రోజులు గడవాలి. ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లని ముందు టిఫిన్‌కి పంపండి. హిమోగ్లోబిన్ తక్కువై వెనక్కొచ్చే అమ్మాయిలు చాలామంది ఉంటారు. ఆ మాట అందరి ముందూ అరిచి చెప్పకండి, పక్కకి పిలిచి చెప్పండి.

డబ్బు గురించి ఒక మాట. టీ ఖర్చు అయినా, ఆటో ఖర్చు అయినా ఆ రాత్రికే రాయండి. మా ఏడు రోజుల క్యాంపు గుమ్మిడిపూండి వైపు ఒక ఊళ్లో జరిగింది. కూరగాయల లెక్క నాకిచ్చారు. నాలుగో రోజుకి 340 రూపాయలు తేడా వచ్చింది. రాత్రి పన్నెండు దాకా ఏడుస్తూ కూర్చుంటే, గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయికి ఆటో డబ్బులిచ్చిన సంగతి వంటావిడ గుర్తుచేసింది. మన దగ్గర ఉన్నది పదిమంది ఇచ్చిన డబ్బు కాబట్టి ఆ టెన్షన్ ఉండటం మంచిదే. అయితే రోజూ రాసుకుంటే ఏడవాల్సిన పనుండదు.

మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో చదివేటప్పుడు ఆల్ఫా ఫై ఒమేగా అనే విద్యార్థి సేవాసంఘంలో చేరాడు. 1925లో పెన్సిల్వేనియాలోని లఫాయెట్ కాలేజీలో పుట్టిన సంఘం అది. అక్కడ కొత్తవాళ్లు కొన్ని వారాల పాటు "ప్లెడ్జ్"గా ఉంటారు. సంఘం చరిత్ర నేర్చుకుంటారు, సేవ గంటలు పూర్తి చేస్తారు, పాతవాళ్లని ఒక్కొక్కరినీ కలిసి మాట్లాడతారు. ఈ చివరిది నాకు బాగా నచ్చింది. మీరూ చెయ్యండి. వారానికి ఒక సీనియర్‌తో టీ తాగుతూ "నువ్వు చేసిన పెద్ద పొరపాటు ఏంటన్నా?" అని అడగండి. మీటింగుల్లో చెప్పనివి అక్కడ చెప్తారు.

కానీ సీనియర్ బట్టలు ఉతకమన్నా, రికార్డు రాయమన్నా, అర్ధరాత్రి పరోటా తెమ్మన్నా అది సేవ కాదు, ర్యాగింగ్. తమిళనాడులో 1997 నుంచి దానికి చట్టం ఉంది. కాలేజీలో ఎన్ఎస్ఎస్ చూసుకునే లెక్చరర్‌కి, అంటే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి చెప్పండి. అక్కడ పని జరక్కపోతే యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522కి చెయ్యండి. "గ్రూపులోంచి తీసేస్తారేమో" అని ఓర్చుకోకండి. నా రూమ్మేట్ ఒక సెమిస్టర్ అంతా ఓర్చుకుంది. అది చూస్తూ ఊరుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధే.

జనవరి వచ్చాక వీలు చూసుకుని తాబేళ్ల నడకకి వెళ్లండి. 1988 నుంచి స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్ వాళ్లు నీలాంగరై నుంచి బీసెంట్ నగర్ దాకా రాత్రంతా తీరం వెంబడి నడిచి, ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లు ఏరి, కంచె వేసిన చోట మళ్లీ పాతిపెడుతున్నారు. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ముదురు రంగు బట్టలు, నీళ్ల బాటిల్, ఇసకలో నడవగలిగే చెప్పులు చాలు. ఫోన్ ఫ్లాష్ ఆపేయండి, సొంత టార్చ్ వెయ్యకండి. గుడ్లలోంచి బయటికొచ్చిన తాబేలు పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పోతాయి. అవి సముద్రం దాకా పాకలేక ఆగినప్పుడు చేత్తో ఎత్తి నీళ్లలో వేసేయాలనిపిస్తుంది. వెయ్యకండి. రెండడుగులు వెనక్కి జరిగి, వాటికి దారివ్వండి.